మొలతాడు దగ్గర కొలిచిన నడుము

మంగళవారం, శుక్రవారం తప్పిస్తే మా షుగర్ ఆసుపత్రిలో ఉండేది ఇద్దరమే. ఒకరు కాంపౌండరు గారు, రెండోదాన్ని నేను. డాక్టరు గారిది రాజమండ్రి. వారానికి ఆ రెండు రోజులే పొద్దున్న ప్యాసింజరులో నిడదవోలు వచ్చి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. ఆయన వచ్చిన రోజున జనం వరండా దాటి రోడ్డు మీదకి ఉండేవారు. రాని రోజున ఇన్సులిన్ సూదికి వచ్చే ముసలమ్మలు, కాలి పుండుకి కట్టు మార్పించుకునే రైతులు, అంతే. ఎండ ముదిరేసరికి బల్లలన్నీ ఖాళీ అయిపోయేవి. ఆ తర్వాత స్టేషన్లో ఇంజన్లు అటూ ఇటూ మారే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు అవి. ఆసుపత్రి కాలవ గట్టు రోడ్డు మీద ఒక పాత పెంకుటింట్లో ఉండేది. నేను అక్కడ ఆయాని. ఊడవడం, తుడవడం, సూదులు మరగబెట్టడం, పేర్లు పిలవడం నా పని. వెనక గదిలోనే నా కాపురం. కాపురం అన్నానే గానీ ఒక్కదాన్నే. పెళ్ళయిన కొద్దికాలానికే మా ఆయన పోయారు. పిల్లలు లేరు. పెనుగొండ దగ్గర మా తమ్ముడి ఇల్లుంది గానీ, చుట్టపుచూపుగా వెళితేనే అక్కడ నాకు మర్యాద. ఎక్కువ రోజులుంటే మరదలి మొహం మారేది. తప్పు ఆ పిల్లది కాదు, చిన్న ఇల్లు.

ఇప్పుడు కొత్తగా ఆసుపత్రి పనుల్లో చేరుతున్న అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు, "అన్నేళ్ళు ఒక్కచోటే ఎలా ఉన్నారు పిన్నిగారూ" అని. కాంపౌండరు గారు ఉండేవారు కాబట్టి ఉన్నానమ్మా అంటాను. ఆయన సంగతి ఒకటి మీకు చెప్పాలి. మీకు పనికొస్తుంది.

ఆయన యాభై దాటిన మనిషి. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, మెడ సన్నం. పొట్ట ఒక్కటే చొక్కా బొత్తాలని లాగిపెట్టి ఉండేది. కూర్చుంటే ఒళ్ళో పసిబిడ్డని పడుకోబెట్టుకున్నట్టు దాని మీద రెండు చేతులూ వేసుకునేవారు. షుగర్ ఆయనకీ ఉంది. మందుల గదిలో కూర్చుని తన మాత్రలు తనే తీసుకుని వేసుకునేవారు. "డాక్టర్నీ నేనే, పేషంటునీ నేనే. ఎదురుచూడక్కర్లేదు" అని నవ్వేవారు.

మధ్యాహ్నం వదినగారు, అంటే ఆయన భార్య, ఇంటి నుంచి క్యారేజీ పంపేవారు. నాలుగు గిన్నెల క్యారేజీ. ఆవపెట్టిన అరటికాయ కూరో, పనసపొట్టో, కందిపచ్చడో, పైన ఆవకాయ. అందులో సగం నా కంచంలో పెట్టేవారు. నేను మొహమాటపడితే, "నువ్వు తినకపోతే అదీ నేనే తినాలి చెల్లెమ్మా. నా పొట్ట మీద జాలిపడైనా తిను" అనేవారు. తిన్నాక ఇద్దరం వరండాలో కూర్చునేవాళ్ళం. ఆయన కబుర్లు చెప్పేవారు, నేను వినేదాన్ని. నాతో రోజూ మాట్లాడిన మనిషి నా జీవితంలో ఆయనొక్కరే.

ఒక మంగళవారం డాక్టరు గారు సంచిలోంచి రెండు టేపులు తీశారు. బట్టలు కుట్టేవాళ్ళు కొలిచే టేపులే.

"ఇకనుంచి షుగర్ ఉన్నవాళ్ళందరికీ బరువుతో పాటు పొట్ట చుట్టుకొలత కూడా చీటీ మీద రాయాలండి" అన్నారు. "బరువు సరిగ్గానే ఉందని చాలామంది ధైర్యంగా ఉంటున్నారు. చూస్తే ఒంట్లో కండ ఉండదు, కొవ్వంతా పొట్టలోనే. షుగర్ ఉన్నవాళ్ళకి ఆ పొట్ట కొవ్వు వల్ల కిడ్నీలకి ముప్పు ఎక్కువ. నొప్పి ఉండదు, తెలియదు. ముందే పట్టుకుంటే కాపాడొచ్చు."

ఆడవాళ్ళని నేను, మగవాళ్ళని కాంపౌండరు గారు కొలవాలి. టేపు ఎక్కడ పెట్టాలో డాక్టరు గారు తన చొక్కా మీదే వేలుపెట్టి నాకు చూపించారు. పక్కటెముక చివరికీ తుంటి ఎముక అంచుకీ మధ్యన. అప్పుడు కాంపౌండరు గారు కిటికీ దగ్గర మాత్రలు పొట్లాలు కడుతున్నారు. "ఆయ్, తెలుసండి" అన్నారు తల తిప్పకుండానే.

తెర వెనక నా పని సులువుగా సాగలేదు. చీర కుచ్చిళ్ళ మీద కొలిస్తే గుడ్డ కొలతే వచ్చేది. లంగా బొందు కిందకి దించమంటే సిగ్గు. కొందరికి చక్కిలిగింత. కొందరు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి పీల్చేసేవారు. వదలండమ్మా అంటే వదిలేవారు కాదు. ఏదైతేనేం, కుదురుకుంది. ఆడవాళ్ళ చీటీల మీద ముప్పై ఎనిమిది, నలభై అంగుళాలు పడేవి. మగవాళ్ళ చీటీల మీద ముప్పై మూడు, ముప్పై నాలుగు. మగవాళ్ళు కష్టపడి పనిచేస్తారు కదా, అందుకేనేమో అనుకున్నాను. డాక్టరు గారు మాత్రం చీటీలు తిరగేస్తూ, "ఈ ఊళ్ళో మగాళ్ళంతా సన్నగా, ఆడవాళ్ళంతా లావుగా ఉన్నారేంటండీ" అన్నారు ఒకసారి.

కొన్ని వారాలకి ఒక శుక్రవారం పక్క ఊరి రైతు, ఆయన భార్య వచ్చారు. ఇద్దరికీ షుగరే. కొలతలయ్యాక ఆవిడ తెర బయటికి వచ్చి రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చదువుకుంది. నా వైపు తిరిగింది.

"ఏమండీ ఆయాగారూ, మా ఆయన పొట్ట గుమ్మంలోకి వచ్చిన కాసేపటికి గానీ ఆయన రారు. ఆయనకి ముప్పై మూడూ, నాకు ముప్పై తొమ్మిదీనా? ఇదెక్కడి టేపండీ?"

"టేపుకి కూడా తెలిసిపోయింది, మనింట్లో ఎవరెక్కువ తింటారో" అన్నాడు ఆయన.

"మీరు కాసేపు నోరు మూసుకోండి. ఆ టేపు ఇలా ఇవ్వండి. నేను కొలుస్తాను."

బల్లల మీద జనం నవ్వడం మొదలెట్టారు. ఆ సందడికి డాక్టరు గారు గదిలోంచి లేచి వచ్చారు. సంగతి విని కాంపౌండరు గారి వైపు తిరిగారు.

"ఎక్కడ కొలుస్తున్నారండీ మీరు?"

"మొలతాడు దగ్గరండి" అన్నారు కాంపౌండరు గారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "మగాడి నడుమంటే అదే కదండీ. చిన్నప్పుడు అమ్మ కట్టిన చోటు. పైనున్నది పొట్టండి. అది వస్తుంది, పోతుంది. నడుము నడుమే."

చూడండి, మన మగవాళ్ళకి మొలతాడు ఎక్కడుంటుంది? పొట్ట పెరిగేకొద్దీ అది కిందకి జారి, తుంటి ఎముకల మీద ఆగిపోతుంది. అక్కడ ఎముకే గానీ కొవ్వెక్కడిది? పంచె అక్కడే, ప్యాంటూ అక్కడే. పైన ఎంత పెరిగినా కింద తాడు బిగవదు. అందుకని ప్రతివాడూ పెళ్ళినాటి నడుమే నాది అనుకుంటాడు. కాంపౌండరు గారికి కొలవడం రాక కాదు, ఆయన నమ్మకమే అది.

"నన్ను కొలవండి సార్" అన్నారు ఆయన, నవ్వుతూ ముందుకొచ్చి. "పెళ్ళిలో కుట్టించిన ప్యాంటు సైజే ఇప్పటికీ. ముప్పై నాలుగు దాటితే అడగండి."

డాక్టరు గారు కూడా నవ్వుతూనే టేపు తీసుకున్నారు. చొక్కా పైకెత్తమన్నారు. వేళ్ళతో పక్కటెముక వెతికారు, తుంటి ఎముక వెతికారు, మధ్యన టేపు చుట్టారు. ఊపిరి వదలమన్నారు.

"నలభై ఒకటి."

వరండా అంతా ఘొల్లుమంది. ఆ రైతు భార్య అందరికంటే ఎక్కువ నవ్వింది. కాంపౌండరు గారూ నవ్వారు. చెవులు మాత్రం ఎర్రబడిపోయాయి. చొక్కా దించుకుంటుంటే బొత్తం ఒకటి దొరకలేదు ఆయన వేళ్ళకి.

డాక్టరు గారు నవ్వు ఆపేశారు. "మీ యూరిన్ ఎప్పుడు చూసుకున్నారండీ?"

"రోజూ చూస్తూనే ఉంటాను కదండీ."

"అందరిదీ కాదు. మీది."

ఆయన మందుల గదిలోకి వెళ్ళి పొట్లాలు కట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆ మర్నాడు క్యారేజీ వచ్చింది. నా భాగం నా కంచంలో పెట్టి, తన గిన్నె పట్టుకుని మందుల గదిలోకి వెళ్ళిపోయారు. వరండాలో కూర్చోలేదు. నేను కంచం ముందు పెట్టుకుని చాలాసేపు తినలేకపోయాను. ఆయన కోపం డాక్టరు గారి మీద అనుకున్నాను ముందు. అందరి ముందూ చొక్కా ఎత్తించడం పెద్ద తప్పే మరి. కానీ అది కాదు. మంగళవారం డాక్టరు గారు యూరిన్ సంగతి అడిగితే "మర్చిపోయానండి" అన్నారు. శుక్రవారం అడిగితే "ఇంట్లోనే వెళ్ళొచ్చేశానండి ఇవాళ" అన్నారు. ఆయన భయపడుతున్నారని నాకు అప్పుడు తెలిసింది. ఎందుకో కూడా తెలుసు.

ఆయనకో అన్నయ్య ఉండేవారు. భీమవరంలో చేపల మేత వ్యాపారం. అదే పొట్ట, అదే షుగర్. కిడ్నీలు పోయాయని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. హైదరాబాదు తిప్పారు, రక్తం శుభ్రం చేయించారు. ఆఖరున ఒళ్ళంతా నీరు పట్టి ఉబ్బిపోతే, మొలతాడు ఒంట్లోకి దిగిపోయిందట. ఊపిరి ఉండగా తియ్యకూడదని ఇంట్లో ఆడవాళ్ళు అడ్డం పడితే, కత్తెర తీసుకుని కోసింది ఈయనే. "బతికున్నవాడికి కోశాను చెల్లెమ్మా" అని ఒకసారి వరండాలో కూర్చుని చెప్పారు. ఆ ఒక్క కబురు మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

ఒక బుధవారం పొద్దున్న సూదుల వాళ్ళు వెళ్ళిపోయాక మందుల గది గుమ్మంలో నిలబడ్డాను.

"అన్నయ్యగారూ, ఇంతమందివి చూస్తారు. మీది చూసుకోడానికి ఏంటండీ?"

"చూడనంతసేపూ లేనట్టే చెల్లెమ్మా" అన్నారు. "చూస్తే ఉంటుంది."

"ఉంటే డాక్టరు గారు మందిస్తారు కదండీ."

"మా అన్నయ్యకీ ఇచ్చారు."

నాకు చదువు లేదు. ఆయనతో వాదించడానికి నా దగ్గరేముంది. నోటికొచ్చింది అనేశాను. "మీరు లేకపోతే ఈ ఇంట్లో నేను గోడలతో మాట్లాడుకోవాలండి. మీ కోసం వద్దు. నా కోసం చూడండి."

ఆయన నా వైపు చూశారు. అంత మాట నేనంటానని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఆయన లేచి, ఒక సీసా తీసుకుని పెరట్లోకి వెళ్ళారు.

ఆ పరీక్ష ఎలా చేస్తారో ఇప్పటి అమ్మాయిలకి తెలియకపోవచ్చు. గాజు గొట్టంలో మూత్రం పోసి, స్పిరిట్ దీపం మీద పైభాగం కాచేవారు. మరిగాక తెల్లగా మబ్బు కమ్మితే అనుమానం. అప్పుడు రెండు చుక్కలు యాసిడ్ వేస్తారు, పచ్చళ్ళలో వేసే వెనిగర్ వాసన ఉంటుంది దానికి. మబ్బు కరిగిపోతే ఏమీ లేనట్టు. కరగకపోతే కిడ్నీల్లోంచి ప్రోటీను కారిపోతున్నట్టు. ఆయన ఆ పని కళ్ళు మూసుకుని చెయ్యగలరు. ఆ రోజు నిజంగానే కళ్ళు మూసుకున్నారు. గొట్టం దీపం మీద పెట్టి మొహం కిటికీ వైపు తిప్పేశారు.

"నువ్వు చూసి చెప్పు" అన్నారు.

నేను చూశాను. బుడగలొచ్చాయి. గొట్టం పైన సన్నగా పొగ దిగినట్టు తెల్లబడింది.

"మబ్బొచ్చిందండి."

"చుక్కలు వెయ్యి."

సీసా అందుకున్నాను. ఎక్కువ వంచేశాను, రెండుకి బదులు ఎన్నో పడ్డాయి. వెనిగర్ వాసన ముక్కుకి కొట్టింది. కరుగు, కరుగు అని లోపల అనుకుంటూ చూస్తున్నాను. దీపం సన్నగా సుయ్‌మంటోంది. మబ్బు కదిలింది. కిందకి కొంచెం దిగింది. కరగలేదు.

"కరిగిందా?"

"లేదండి."

"బాగా చూడు."

"చూశానండి. ఉంది."

ఆయన గొట్టం తీసుకుని తను ఒక్కసారి చూశారు. తొట్లో పారబోశారు. కుళాయి తిప్పి చాలాసేపు నీళ్ళు వదిలారు.

"ఇది నీకూ నాకూ మధ్యనే ఉండాలి" అన్నారు.

"ఉండదండి" అన్నాను. "శుక్రవారం మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

ఆయన నా మీద కోప్పడటం అదే మొదలు, అదే ఆఖరు. "ఇన్నాళ్ళూ ఒక గిన్నెలో తిన్నది ఇందుకా? నా ఇంటి కూడు తిని నా మీదే చాడీలు చెబుతావా?" అన్నారు. నేను తల వంచుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ రెండు రోజులూ క్యారేజీలో నా భాగం బల్ల మీద పెట్టి వెళ్ళేవారు. నేను ముట్టుకోలేదు. ఇంకేం, ఉద్యోగం మానేసి తమ్ముడింటికి పోవడమే అనుకున్నాను. మరదలి మొహం గుర్తొచ్చి ఆగాను.

శుక్రవారం డాక్టరు గారు బండి దిగి వచ్చారు. జనం ఇంకా లోపలికి రాలేదు. నేను గుమ్మం దగ్గర తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను. చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. అప్పుడు కాంపౌండరు గారు మందుల గదిలోంచి వచ్చారు. చేతిలో గాజు గొట్టం ఉంది. అప్పుడే కాచినట్టుంది, గుడ్డముక్కతో పట్టుకున్నారు. నన్ను దాటి వెళ్ళి, ఏమీ అనకుండా డాక్టరు గారి కళ్ళ ముందు పట్టుకున్నారు.

డాక్టరు గారు దాన్ని వెలుగుకి ఎత్తి చూశారు. తర్వాత కుర్చీలోంచి లేచి ఆయన్ని కూర్చోబెట్టారు. బీపీ చూశారు.

"ఆ రోజు అందరి ముందూ మిమ్మల్ని కొలవకూడదండి. నాదే తప్పు" అన్నారు.

"కొలవకపోతే నేనెప్పటికీ చూసుకునేవాణ్ణి కాదండి" అన్నారు కాంపౌండరు గారు. తర్వాత చిన్న గొంతుతో, "మా అన్నయ్యలా అవుతుందాండీ?" అని అడిగారు.

"రక్తపరీక్ష చూడాలి. ఇప్పుడిప్పుడే మొదలైతే ఆపొచ్చు."

ఆ సాయంత్రమే ఇద్దరూ ఒకే బండిలో రాజమండ్రి వెళ్ళారు. వరండా కడిగి, ఆ రాత్రి నేను అన్నం వండుకోలేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఆయన తిరిగొచ్చారు. కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి, పోలేదు. ఆ మాట ముందు నాకే చెప్పారు. చెప్పి, బల్ల మీద కూర్చుని కాసేపు మొహం తువ్వాలులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఊళ్ళో మగవాళ్ళందరినీ మళ్ళీ కొలిచారు ఆయన, పక్కటెముక వెతికి, తుంటి ఎముక వెతికి. "మొలతాడు తియ్యాలాండీ" అని భయపడేవాళ్ళకి, "తాడు నీ దగ్గరే ఉంచుకో నాయనా, నాకు కావలసింది దాని పైనున్నది" అనేవారు. ముప్పై మూడని రాసిన చీటీలన్నీ నలభైలయ్యాయి. అందులో గొట్టం తెల్లబడినవాళ్ళూ ఉన్నారు. ఆ రైతు కూడా ఒకడు. ఆయన భార్య ఈసారి నవ్వలేదు.

ఆయనకి బీపీ మాత్ర మార్చారు. ఉప్పు తగ్గించారు, ఆవకాయ పూర్తిగా మాన్పించారు. అదొక్కటే అయితే నాకేమీ ఇబ్బంది లేదు. డాక్టరు గారు ఇంకో మాట అన్నారు. "ఈ కూర్చునే పని మీకు వద్దండి. కాలవ వెంట ఊళ్ళలో మంచం దిగలేనివాళ్ళు ఉన్నారు. కట్లు కట్టడం, సూదులు వెయ్యడం నడిచి వెళ్ళి చేసి రండి. సైకిలు కూడా వద్దు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి కొలిచి పెట్టినంతే తినండి." ఆసుపత్రిలో సూదులకి పొద్దున్న గంటసేపు ఒక నర్సమ్మని పెట్టారు. ఆ అమ్మాయి పని ముగించుకుని బస్సుకి పరిగెత్తేది.

అలా డాక్టరు గారు రాని రోజుల్లో ఆ ఇంట్లో నేనొక్కదాన్నే అయ్యాను. వదినగారు కబురు పంపారు, నాకు వేరేగా క్యారేజీ పంపుతానని. వద్దన్నాను. ఇద్దరు తిన్న అన్నం ఒక్కదాన్నే తినడానికి మనసొప్పలేదు. మధ్యాహ్నం వంట చేసుకోవడం మానేశాను, పొద్దున్నదే తినేదాన్ని. బల్లలు తుడిచినవే మళ్ళీ తుడిచేదాన్ని. కాలం గడవక తెరలు విప్పి ఉతికి మళ్ళీ కట్టేదాన్ని. ఎవరైనా తప్పుదారిన లోపలికొచ్చి స్టేషనుకి దారి అడిగితే, దారితో పాటు ఇంకో నాలుగు మాటలు చెప్పేదాన్ని. వాళ్ళు తొందరపడుతుంటే సిగ్గేసి ఆపేదాన్ని.

ఆయన పొట్ట నెలనెలా తగ్గింది. ప్యాంటుకి బెల్టు వచ్చింది, బెల్టుకి కొత్త బెజ్జాలు పడ్డాయి. గొట్టంలో మబ్బు పెరగలేదు. ఏడాది తిరిగేసరికి పల్చబడింది కూడా. పూర్తిగా పోలేదు. కిడ్నీ ఒకసారి దెబ్బతింటే కొత్తది కాదమ్మా, ఉన్నది నిలుపుకోవడమే. మీ దగ్గరికి వచ్చేవాళ్ళకి అది మొదటి రోజే చెప్పండి. సన్నని చేతులు చూసి మోసపోకండి. టేపు మీరే చుట్టండి.

రోజూ సాయంత్రం ఆయన కాలవ గట్టు మీదుగా ఊళ్ళ నుంచి తిరిగొచ్చేవారు. మందుల సంచి భుజాన, గొడుగు చేతిలో. మధ్యలో ఆగకుండా ఇంటిదాకా ఒకే ఊపున నడవాలని డాక్టరు గారి ఆజ్ఞ. ఆగితే కబుర్లలో పడతారని డాక్టరు గారికీ తెలుసు. ఆ వేళకి నేను గేటు దగ్గరికి వచ్చి నిలబడేదాన్ని. దూరం నుంచి నన్ను చూసి ఆయన అడుగు నెమ్మది చేసేవారు. గేటు దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఆగిపోయేవారు.

"తిన్నావా చెల్లెమ్మా?"

"తిన్నానండి. ఆగకండి, నడవండి."

"ఒక్క నిమిషంలో ఏమవుతుందిలే."

"ఏమీ అవదండి. నడవండి అన్నయ్యగారూ."

ఆయన నడిచేవారు. గట్టు మలుపు తిరిగేదాకా చూసి, నేను గేటు వేసుకుని లోపలికి వెళ్ళేదాన్ని.